తుప్పు అందం, బరువు అందం

హైదరాబాద్‌లో ఈమధ్య ఏ కొత్త కెఫేకి వెళ్ళినా అదే వరస. పూత వెయ్యని సిమెంటు గోడ, పైకప్పు కింద బయటికి కనిపించే పైపులు, తుప్పు రంగు రేకు. ‘ఇండస్ట్రియల్ లుక్’ అంటారు. బాగానే ఉంటుంది. కానీ ఆ రేకు ఏ బరువూ మొయ్యదు. ముడిలోహంలో అందం చూడాలంటే నేను శిల్పి రిచర్డ్ సెర్రా (1938–2024) దగ్గరికి వెళ్తాను.

1969లో ఆయన చేసిన ‘వన్ టన్ ప్రాప్’లో ఉన్నవి నాలుగు సీసపు పలకలు, ఒక్కోటీ నాలుగడుగుల చదరం. వెల్డింగ్ లేదు, బోల్టు లేదు. పేకమేడలాగా, పై మూలల దగ్గర ఒకదానికొకటి ఆనుకుని నిలబడతాయి. ఒక్కటి జారితే అన్నీ కూలతాయి. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం మెకానిక్స్‌లో బలాలన్నిటికీ బాణం గుర్తులు గీస్తాం కదా, ఇక్కడ ఆ బాణాలు గీయకుండానే ఒంటికి తెలుస్తాయి. చూసేవాడికి ఒకడుగు వెనక్కి వెయ్యాలనిపిస్తుంది. నాకు అందం ఆ వెనకడుగులోనే ఉంది.

చదువుకునే రోజుల్లో సెర్రా ఖర్చుల కోసం స్టీలు మిల్లుల్లో పనిచేశాడు. అందుకేనేమో, లోహానికి రంగు పుయ్యడు, మనిషి బొమ్మగా మలచడు. తర్వాత వాడిన వెదరింగ్ స్టీలు మీద తుప్పు కూడా సోకు కాదు, లోపలి లోహాన్ని కాపాడే పొర.

అయితే నిజమైన బరువుకి నిజమైన ఖరీదు ఉంటుంది. 1971లో మినియాపొలిస్‌లో ఆయన శిల్పం ఒకటి అమరుస్తుండగా స్టీలు పలక పడి ఒక కార్మికుడు చనిపోయాడు. 1981లో న్యూయార్క్ ఫెడరల్ ప్లాజాలో 120 అడుగుల పొడవు, 12 అడుగుల ఎత్తున్న ‘టిల్టెడ్ ఆర్క్’ని నిలబెడితే, అక్కడి ఉద్యోగులు చాలామంది దారికి అడ్డమన్నారు. బహిరంగ విచారణ జరిగింది. 1989లో ముక్కలుగా కోసి తీసేశారు. ఆ చోటు కోసమే చేసింది కాబట్టి కదిలిస్తే నాశనం చేసినట్టే అని సెర్రా వాదన. ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. కానీ గ్యాలరీకి మనంతట మనం వెళ్తాం. ప్లాజాలో రోజూ ఆ గోడ చుట్టూ తిరిగి ఆఫీసుకి పోయేవాళ్ళకి ఆ వీలు లేదు.

అందుకే సైజులో ఎంతో చిన్నదైనా నాకు ‘వన్ టన్ ప్రాప్’ పెద్ద శిల్పం. దాని బరువు అదే మోస్తుంది. వెనక్కి వెయ్యడానికి మనకి ఒకడుగు చోటు మిగులుస్తుంది.