స్వేల్స్ పండితుని పీఠికాలక్షణము: విమర్శ

ఉన్నతవిద్యార్థులకు ఆంగ్లమునఁ బరిశోధనవ్యాసరచన నేర్పు గ్రంథములు నేఁడు పెక్కులు గలవు. వానిలో ననేకములకు మూలము జాన్ స్వేల్స్ పండితుని మతము. ఆయన 1981లో ఇంగ్లండునందలి ఆస్టన్ విశ్వవిద్యాలయమునుండి ప్రకటించిన చిన్నగ్రంథమున 48 వ్యాసముల పీఠికలను బరిశీలించి, పీఠికకు నాలుగంగములని నిర్ణయించెను. 1990లో వెలువడిన ‘జానర్ అనాలిసిస్’ గ్రంథమున నవి మూఁడైనవి. విషయక్షేత్రమును నెలకొల్పుట మొదటిది; ఆ క్షేత్రమునఁ దనకుఁ జోటున్నదని చూపుట రెండవది; ఆ చోటును దా నాక్రమించుట మూఁడవది. 1994లో క్రిస్టీన్ ఫీక్ అను నామెతోఁ గలసి, మిచిగన్ విశ్వవిద్యాలయ ముద్రణాలయము ద్వారమున వెలువరించిన పాఠ్యగ్రంథముచే నీ మతము తరగతులలో వ్యాపించెను.

ఈ మతమునఁ బ్రశంసార్హమైనది దాని మార్గము. కుండ కావలసినవాఁడు కుమ్మరి యింటికిఁ బోవునట్లు శబ్దము కావలసినవాఁడు వైయాకరణుని యింటికిఁ బోఁడని మహాభాష్యకారుని యాశయము. ప్రయోగము ముందు, శాస్త్రము వెనుక. స్వేల్స్ ఈ క్రమమునే పాటించెను. లక్ష్యములను జూచి లక్షణము చెప్పెనే కాని, తన యభిరుచిని విధిగా శాసింపలేదు. ‘ది’ యను నుపపద మెచట నుండవలయునో యెఱిఁగియు, తన పరిశోధన యెందులకో చెప్పనేరని విద్యార్థి కిందువలనఁ గలిగిన మేలు గొప్పది. ప్రయోజనముఁ జెప్పక గ్రంథ మారంభింపరాదను నియమము సంస్కృతశాస్త్రముల కలవాటైనదే. పతంజలి రక్ష, ఊహ, ఆగమము, లఘువు, అసందేహము అని యైదు ప్రయోజనములను మొదటి యాహ్నికముననే చెప్పెను. అయినను, అనుబంధచతుష్టయములోని యధికారికి స్వేల్స్ పీఠికలో స్థానము లేదు. పాఠకుఁ డెవరో పత్రికయే నిర్ణయించునని కాఁబోలు.

చిక్కంతయు రెండవ యంగమున నున్నది. 1990 నాఁటి గ్రంథమున దీనికి నాలుగు మార్గములు చెప్పఁబడినవి: పూర్వమతమును ఖండించుట, వెలితిని జూపుట, ప్రశ్న లేవనెత్తుట, పూర్వుల సంప్రదాయమును గొనసాగించుట. 2004 నాఁటి ‘రిసర్చ్ జానర్స్’ గ్రంథమున నివి వెలితిని జూపుట, తెలిసినదానికిఁ గొంత చేర్చుట యని రెండుగా సంక్షేపింపఁబడినవి. లాఘవమును వైయాకరణుఁడు నిందింపఁడు. కాని లాఘవ మర్థభేదమును మ్రింగరాదు. ‘ఎవ్వరును జెప్పలేదు’ అనువాఁడు తాను సర్వము చదివినట్లు పూచీపడుచున్నాఁడు. ‘చెప్పినవారు పొరపడిరి’ అనువాఁడు యుక్తి చూపుటకుఁ గట్టువడుచున్నాఁడు. ఈ రెంటి భారము లొకటి కావు. రెండవదానికిఁ బేరు లేకపోఁగా విద్యార్థి మొదటిదానినే సులభమని చేపట్టును. పూర్వపక్షము నెదిరి మెచ్చునట్లు నిలిపి పిదప ఖండించు శాస్త్రపద్ధతి యెక్కడ? పూర్వులను రెండు పంక్తులలో దాఁటి వెలితి యున్నదని చాటు పద్ధతి యెక్కడ? ఇది కొంత స్వేల్స్ దోషము. ఆయన యంగవిభాగమును ఖాళీలు పూరించు పత్రముగా మార్చిన యుపాధ్యాయుల దోషము పెద్దది.

తెలుఁగు విషయములపై నాంగ్లమున సిద్ధాంతవ్యాసములు వ్రాయువారి కీ యపాయ మధికము. బాలవ్యాకరణముపై వ్రాయువాఁ డాంగ్లగ్రంథములు మాత్రమే వెదకినచో నచట వెలితియే కానవచ్చును. కల్లూరి వేంకటరామశాస్త్రిగారి గుప్తార్థప్రకాశిక, దువ్వూరి వేంకటరమణశాస్త్రిగారి రమణీయము చదివినవాఁ డట్లు వ్రాయఁజాలఁడు. ఆంగ్లమున లేకుండుట వేఱు, విద్యలో లేకుండుట వేఱు. స్వేల్స్ దీని నెఱుఁగనివాఁడు కాఁడు. 1997లో నొక వ్యాసమున నాంగ్లమును టిరనోసారస్ రెక్స్ అను ప్రాచీన క్రూరజంతువుతోఁ బోల్చి, ఇతరభాషల పాండిత్యమున కది కలిగించు హానిని జర్చించెను. ఆ శంక యంగవిభాగములోనికిఁ బ్రవేశింపకపోవుట శోచనీయము.

సభలో నుపన్యసించుటకు నీ లక్షణము చాలదు. మిచిగన్ విశ్వవిద్యాలయమువారు 152 విద్యాప్రసంగములనుండి సుమారు 18 లక్షల మాటలను సంగ్రహించిరి. లిఖితభాషవలెఁ గాక, అందుఁ దిరుగఁజెప్పుటలు, తడఁబాటులు, శ్రోతను వెంటఁగొనిపోవు చిన్నపదములు మెండు. వ్రాసిన పీఠికను గంఠస్థము చేసి సభలో నప్పగించు విద్యార్థి కీ సంగ్రహమును వినిపించుట మేలు. పీఠిక వ్రాయువానికి మాత్రము రెండవ యంగమున మఱియొక యుపాంగము విధింపవలయును: ‘వెలితి యున్నది’ అనుటకుఁ బూర్వము, ఏ యే భాషలలో వెదకెనో యాతఁడు చెప్పవలెను.