శుక్రవారం సాయంత్రమే మొదలయ్యే శనివారం

కోనసీమలో ఇశ్రాయేలు, యాకోబు, ఎస్తేరు, రూతు అన్న పేర్లు వినపడని పేట ఉండదు. సీయోను, బేతేలు, షాలేము అని బోర్డులున్న మందిరాలు అమలాపురం నుంచి రాజోలు దాకా దారి పొడవునా కనిపిస్తాయి. 1836లో ఇంగ్లండు నుంచి బయల్దేరి వచ్చిన బౌడెన్, బీర్ కుటుంబాలు వశిష్ఠ అవతలి ఒడ్డున నరసాపురం కేంద్రంగా గోదావరి డెల్టా మిషన్‌ని నడిపాయి. ఆనాటి నుంచి పాత నిబంధన మన పేటల్లో ఇంటి పుస్తకమైపోయింది. పస్కా, పర్ణశాలల పండుగ, సమాజమందిరం, విశ్రాంతి దినం అన్నవి చదువు రాని ముసలమ్మలకు కూడా నోటికి వచ్చిన మాటలే. అయితే వాటిని వారం వారం, పూట పూటా చేతలతో పాటించే మతం ఈనాటికీ బతికే ఉందనీ, తెలుగు మాట్లాడే మనుషుల్లోనూ ఉందనీ మనలో చాలామందికి తెలియదు.

చేబ్రోలు అనగానే గుంటూరు జిల్లా వాళ్ళకు చతుర్ముఖ బ్రహ్మ గుడి గుర్తొస్తుంది. ఆ చేబ్రోలు పక్కనే కొత్తరెడ్డిపాలెం. అక్కడి మాదిగ కుటుంబాల్లో కొన్ని పదుల కుటుంబాల వాళ్ళు తమను బెనె ఎఫ్రాయిం అని, అంటే ఎఫ్రాయిము గోత్రపు సంతతి అని చెప్పుకుంటారు. మచిలీపట్నంలోనూ కొందరున్నారు. క్రైస్తవ బోధకులుగా పనిచేసిన షమూయేల్ యాకోబి, సాదోక్ యాకోబి అనే అన్నదమ్ములు 1980లలో యూదు మతం వైపు తిరిగారు. తర్వాత ఆ ఊళ్ళోనే బెనె యాకోబ్ పేరుతో చిన్న సమాజమందిరం లేచింది. ఇశ్రాయేలు పది గోత్రాలు చెదిరిపోయినప్పుడు తమ పూర్వీకులు పర్షియా, అఫ్ఘానిస్థాన్, టిబెట్, చైనాల మీదుగా వందల ఏళ్ళు తిరిగి తిరిగి దక్షిణాదికి చేరారని వీళ్ళ కథనం. షమూయేల్ యాకోబి 2002లో ఈ వాదాన్ని ఇంగ్లీషులో పుస్తకంగా రాశారు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు వీళ్ళ మీద రాసిన 'ద జ్యూస్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్' 2013లో వచ్చింది.

అంత దూరపు వలసకు రాతపూర్వకమైన ఆధారం లేదు. వీళ్ళ గురించి తెలియగానే అందరూ మొదట అడిగేది అదే: నిజంగా వీళ్ళు యూదులేనా? నాకు మాత్రం ఆ ప్రశ్న కంటే వీళ్ళు ఎంచుకున్న ఆచారం ఏమిటి, అది మనిషికి ఏమిస్తుంది అన్నదే పెద్ద విషయం. యూదు మతంలో ఏం నమ్ముతున్నావన్న దాని కంటే ముందు ఏం చేస్తున్నావన్నది వస్తుంది. భక్తి అంతా చేతి పనిలో ఉంటుంది. ఆ పనితనం తెలిస్తేనే దాని విలువ అర్థమవుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది సబ్బాతు, అంటే విశ్రాంతి దినం. యూదుల లెక్కలో రోజు సాయంత్రంతో మొదలవుతుంది. కాబట్టి శనివారం శుక్రవారం పొద్దుగూకే వేళకే వచ్చేస్తుంది. సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందు ఇంటి ఇల్లాలు దీపాలు వెలిగిస్తుంది. వెలిగించి, రెండు చేతులతో కళ్ళు మూసుకుని, అప్పుడు దీవెన చెబుతుంది. మామూలుగా ఏ పనికైనా ముందు దీవెన చెప్పి, తర్వాత పని చేయాలి. ఇక్కడ అలా కుదరదు. దీవెన నోటి వెంట వచ్చిందంటే సబ్బాతు మొదలైనట్టే, ఆ తర్వాత నిప్పు ముట్టకూడదు. అందుకే ముందు వెలిగించి, వెలుగు కంటపడకుండా చేతులు అడ్డం పెట్టుకుని, దీవెన ముగిశాక కళ్ళు తెరిచి ఆ వెలుగును అప్పుడే చూస్తున్నట్టు చూస్తుంది. రెండు నియమాలు ఢీకొన్నప్పుడు దేన్నీ వదలకుండా చేతుల కదలికతో తెచ్చిన సర్దుబాటు ఇది. యూదు ఆచారమంతా ఇలాంటి ఆలోచనతోనే నడుస్తుంది.

సబ్బాతు నాడు పని చేయకూడదు, సరే. మరి పని అంటే ఏది? క్రీస్తుశకం 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా అనే ధర్మశాస్త్ర గ్రంథం పనులను 39గా లెక్కపెట్టింది. పాత నిబంధనలో దేవుని ఆరాధనకు కట్టిన ప్రత్యక్ష గుడారానికి అవసరమైన పనులే ఈ లెక్కకు ఆధారం. ఆ జాబితా మొదలయ్యే తీరు చూడండి: విత్తడం, దున్నడం, కోయడం, పనలు కట్టడం, నూర్చడం, తూర్పారబట్టడం, ఏరడం, విసరడం, జల్లించడం, పిండి కలపడం, కాల్చడం. ఎక్కడో గలిలయలో పండితులు కూర్చుని రాసిన ఈ వరస మన డెల్టాలో సార్వా పని వరసకు ఎంత దగ్గరో! ఆ తర్వాత ఉన్ని కత్తిరించడం నుంచి నేత దాకా, వేట నుంచి తోలు పదును చేయడం దాకా, ముడి వేయడం, రెండు అక్షరాలు రాయడం, నిప్పు వెలిగించడం, ఆర్పడం, ఇంట్లోంచి వీధిలోకి బరువు మోయడం వస్తాయి. అంటే దినకూలీ ఒంటితో చేసే పనులన్నీ అందులో ఉన్నాయి. దాసుడికీ, దాసికీ, చివరికి ఎద్దుకూ ఆ రోజు సెలవు ఇవ్వాలని మోషే ధర్మశాస్త్రం యజమానిని ఆజ్ఞాపిస్తుంది.

ఇప్పుడు ఇదే నియమాన్ని కొత్తరెడ్డిపాలెంలో పెట్టి చూడాలి. అక్కడ ఎక్కువమంది వ్యవసాయ కూలీలు. నాట్ల రోజుల్లో, కోతల రోజుల్లో పనికి పిలుపు వచ్చేది వారం చూసి కాదు. శనివారం రానంటే ఆ రోజు కూలి పోవడమే కాదు, మర్నాడు ముఠాలో చోటు కూడా పోవచ్చు. అందుకే పని మానలేక శనివారం పొలానికి వెళ్ళేవాళ్ళు అక్కడ ఉన్నారు. శుక్రవారం రాత్రి మాత్రం చెప్పులు బయట విడిచి, మగవాళ్ళు నెత్తిన టోపీ, ఆడవాళ్ళు కొంగు కప్పుకుని సమాజమందిరంలో చేరతారు. కొంత హీబ్రూ, కొంత తెలుగు కలిపి ప్రార్థనలు సాగుతాయి. ఉద్యోగస్తుడికి సబ్బాతు సెలవులోకి ఇంకో సెలవు. కూలివాడికి మాత్రం నా ఒళ్ళు వారానికి ఒక రోజు ఎవరి ఆస్తీ కాదు అని చెప్పుకునే హక్కు. సగం పాటించినా సరే, ఆ హక్కు తనకుందని తెలియడమే చాలా పెద్ద మాట.

ఈ ఆచారాన్ని మరో దారిలో దగ్గర నుంచి చూసినవాళ్ళు మన గోదావరి జిల్లాల్లోనే ఉన్నారు. ఇజ్రాయెల్‌లో కేర్‌గివర్లుగా పనిచేసి వచ్చినవాళ్ళు. రాజోలు వైపు ఒక అక్క అక్కడ ఒక ముసలావిడను ఏళ్ళ తరబడి చూసుకుంది. ఆవిడను సవ్తా అని, నానమ్మా అన్నట్టు, పిలిచేది.

"మొదట్లో ఏడుపొచ్చేసేదండి," అంది. "రెండు సింకులు, రెండు పీచులు, రెండు రకాల గిన్నెలూనూ. ఎర్ర గుర్తున్నవి మాంసానికి, నీలం గుర్తున్నవి పాలకి. ఓసారి మాంసం గరిటె పెరుగులో పెట్టేశానండి. సవ్తా ఒక్క మాట అన్లేదు. గరిటె తీసి పక్కన పెట్టేసి, ఇంకో గరిటె చేతికిచ్చింది."

"శనివారం ఏం చేసేవారు మరి?"

"శుక్రవారం పొద్దుగూకేలోపే వంటంతా అయిపోవాలండి. ఓ రేకు పళ్ళెంలాంటి హీటరు ఉంటది, కూర దాని మీద పెట్టేస్తే మర్నాడు మధ్యాన్నం దాకా వేడిగానే ఉంటది. లైట్లకి టైమరు. ఫోన్ మోగినా ఎత్తదు. కొడుకు ఫోన్ అయినా సరే. ఆయ్, నాకూ ఆ ఒక్క రోజే కాసేపు కూర్చోడానికి దొరికేది."

ఆమె ఆదివారం మానకుండా మందిరానికి వెళ్ళే మనిషి. మతం మార్చుకోలేదు. అయినా కోడికూర వండిన రోజు పక్కన పెరుగు పెట్టబుద్ధి కాదట ఇప్పటికీ.

మేకపిల్ల మాంసాన్ని దాని తల్లి పాలతో వండకూడదన్న ఒక్క ఆజ్ఞ నుంచి ఈ వంటింటి పద్ధతంతా పెరిగింది. మాంసం తిన్నాక పాలు ముట్టడానికి చాలామంది ఆరు గంటలు ఆగుతారు. నెత్తురు తినకూడదు కాబట్టి మాంసాన్ని అరగంట నీళ్ళలో నానబెట్టి, గంటసేపు ఉప్పు పట్టించి, మూడుసార్లు కడుగుతారు. కోసే కత్తికి గోటికి తగిలేంత గంటు ఉన్నా ఆ మాంసం పనికిరాదు. చేపకు రెక్కలూ పొలుసులూ రెండూ ఉండాలి. ఆ లెక్కన మన పులస తినొచ్చు, కొరమేను తినొచ్చు. వాలుగ, జెల్ల, రొయ్య, పీత కూడదు. చెరువులన్నీ రొయ్యల గుంటలైపోయిన కోనసీమలో ఇది తేలికైన నియమం కాదు.

కొబ్బరిపాల సంగతి మాత్రం కోనసీమ వాళ్ళకు సంతోషం కలిగిస్తుంది. కొబ్బరిపాలు పేరుకే పాలు, ధర్మశాస్త్రం దృష్టిలో అవి కాయలోంచి వచ్చిన రసం. కాబట్టి మాంసంలో పోయొచ్చు. కొచ్చిలో 1568 నాటి సమాజమందిరం ఉన్న యూదులు కోడికూరలో కొబ్బరిపాలు పోసి వండుకున్నారు. కొంకణ తీరపు బెనె ఇశ్రాయేలీలు ఏలీయా ప్రవక్త పేరిట చేసే మలీదాలో తీపి అటుకుల్లో కొబ్బరి కోరు కలుపుతారు. ఈ బెనె ఇశ్రాయేలీలనే ఊళ్ళో వాళ్ళు శనివారం గానుగ ఆడని తెలికలవాళ్ళుగా గుర్తుపెట్టుకున్నారు. వాళ్ళకు శతాబ్దాల పాటు గ్రంథం లేదు, గురువు లేడు. సబ్బాతు, సున్నతి, తిండి నియమాలు, ఒక చిన్న ప్రార్థన, ఇవే మిగిలాయి. అవే వాళ్ళను యూదులుగా నిలబెట్టాయి.

పంచాంగం కూడా మనకు కొత్త కాదు. యూదుల నెల మన నెలలాగే అమావాస్య దాటాక మొదలవుతుంది. చాంద్రమానం వెనకబడకుండా 19 ఏళ్ళలో ఏడుసార్లు అధిక మాసం వేస్తారు. అందుకే 2024లోనూ 2025లోనూ మన విజయదశమి, వాళ్ళ ప్రాయశ్చిత్త దినం ఒకే రోజున వచ్చాయి. మనం జమ్మి చెట్టు దగ్గరికి వెళ్ళే రోజు వాళ్ళు పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా ఉపవాసం ఉంటారు. ఆ తర్వాతి పౌర్ణమికి పర్ణశాలల పండుగ. ఏడు రోజులు ఇల్లు వదిలి పందిట్లో భోంచేయాలి. పై కప్పు నేల మీద మొలిచి, కోసిన ఆకుతోనే వేయాలి. ఎండ కంటే నీడ ఎక్కువ పడాలి, సందుల్లోంచి చుక్కలూ కనిపించాలి. మన పెరట్లో పడి ఉండే కొబ్బరి మట్ట ఈ నియమాలన్నిటికీ సరిపోతుంది.

ఇక నన్ను అన్నిటికంటే ఎక్కువగా కదిలించిన విషయం. సమాజమందిరంలో చదివే తోరా, అంటే మోషే ధర్మశాస్త్రపు చుట్ట, అచ్చు పుస్తకం కాదు. తినదగిన జంతువు తోలును పదును చేసి, దాని మీద ఈక కలంతో, నల్ల సిరాతో 3,04,805 అక్షరాలు చేత్తో రాస్తారు. ఒక్క అక్షరం చెడినా సరిదిద్దేదాకా ఆ చుట్టను చదవకూడదు. తోలు పలకలను జంతువు నరంతోనే కుడతారు. ప్రార్థనప్పుడు చేతికీ నుదుటికీ కట్టుకునే పెట్టెలూ, వాటి పట్టీలూ తోలువే. మాదిగవాడు ఈ తోలును ముట్టుకున్నాడనే కదా ఊరు అతన్ని వెలివేసింది! పశువు మాంసం తిన్నాడని, తోలు పదును చేశాడని, చనిపోయినవాళ్ళను పాతిపెట్టాడని ఏయే పనులను ఊరు అంటుగా లెక్కకట్టిందో, ఆ పనులే ఇక్కడ పూర్వీకుల ఆనవాళ్ళయ్యాయి. తింటున్నది మారలేదు, చేస్తున్నది మారలేదు. దాన్ని చూసే చూపు మారి, తల పైకెత్తే వీలు దొరికింది. యాకోబి సోదరుల కథనంలో చరిత్ర ఎంతన్నది పండితులు తేల్చుకోనీ, ఈ మార్పు మాత్రం నిజం.

ఈ దారి కష్టమైనదే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు లేరు, యూదులు అసలే లేరు. గుండెలో ఒక మతం, సర్టిఫికెట్లో ఒక మతంగా బతకడం ఎంత నలుగుడో కోనసీమ పేటల్లో వేరే చెప్పక్కర్లేదు. అటు ఇజ్రాయెల్ వైపు తలుపూ తెరుచుకోలేదు. ఈశాన్యంలోని బెనె మెనాషె వాళ్ళను 2005లో అక్కడి ప్రధాన రబ్బీ ష్లోమో అమార్ ఇశ్రాయేలు సంతతిగా గుర్తించారు. తెలుగు వాళ్ళకు అలాంటి గుర్తింపు రాలేదు. అయినా పిల్లలకు హీబ్రూ అక్షరాలు నేర్పడం, పస్కాకు పులియని రొట్టె కాల్చడం ఆగలేదు.

మన పాఠకుల్లో ఎవరైనా గుంటూరు నుంచి చేబ్రోలు మీదుగా వెళ్తే, కొత్తరెడ్డిపాలెంలో ఆగండి. మీరు నిజంగా యూదులేనా అని అడగొద్దు, ఆ ప్రశ్న వాళ్ళు కావలసినంత విన్నారు. సబ్బాతు ఎలా ఆచరిస్తారో, పస్కా ఎలా చేస్తారో అడగండి. శనివారం వెళ్తే మాత్రం ఫోన్ జేబులోంచి తీయకండి, ఫొటోలు ఇంకో రోజు తీసుకోవచ్చు.