కోసిన కర్ర

డల్లాస్‌లో ఉండే మా మేనల్లుడు వీడియో కాల్ చేశాడంటే కొత్త సోఫానో, పెరట్లో కాసిన బెండకాయలో చూపిస్తాడు. ఈ వారం తుపాకీ చూపించాడు. అక్కడి గన్ షోలో కొన్నాడట. “మామయ్యా, ఇది మన దేశంలో పుట్టింది” అంటూ ఫోన్ దగ్గరికి తెచ్చాడు. బోల్టు పిడి కిందుగా, వెనక కర్రను పట్టి ఉంచే ఉక్కు పట్టీ మీద కిరీటం గుర్తు, జి.ఆర్.ఐ. అన్న అక్షరాలు, ఇషాపూర్, 1943. ఇషాపూర్ అంటే కలకత్తా పక్కన రైఫిల్ ఫ్యాక్టరీ ఉన్న ఊరు. మన శ్రీకాకుళం ఇచ్ఛాపురం కాదు. ఉత్తరాలు రాసే మిత్రులు గమనించగలరు.

అదే .303. లీ ఎన్‌ఫీల్డ్. ఒకప్పుడు పోలీసు స్టేషన్లో గొలుసేసి కట్టి ఉంచిన తుపాకీ, ట్రెజరీ ముందు కానిస్టేబుల్ గారు ఆనుకుని కునుకు తీసిన తుపాకీ. అయితే మావాడి దాంట్లో ఏదో తేడా ఉంది. అసలు దానికి గొట్టం చివరిదాకా కర్ర తొడుగు ఉంటుంది, మూతి మొద్దుగా కనిపిస్తుంది. దీనికి సగంలోనే కర్ర కోసేశారు. పైతొడుగు లేదు. గొట్టం బోడిగా ముందుకు పొడుచుకొచ్చింది. వెనక ఇత్తడి పలక పోయి రబ్బరు ప్యాడ్ వచ్చింది. పైనుంచి తళతళలాడే వార్నిషు.

“ఎవడో పాడు చేశాడు మామయ్యా. గొట్టం కొయ్యలేదు, అదే అదృష్టం. మళ్లీ మిలిటరీ రూపానికి తెస్తా. ముందు కర్ర నెట్లో దొరుకుతోంది. కర్రపని మాత్రం నువ్వు చెప్పాలి” అన్నాడు.

టేకు ద్వారబంధాలకు ఎనామిల్ పెయింటు పూసేవాళ్లను ఈ కాలమ్ ఎన్నిసార్లు తిట్టిందో పాతకాపులకు తెలుసు. నేను అవిసె నూనె మాటెత్తగానే పేజీ తిప్పేసేవాళ్లూ ఉన్నారని తెలుసు. కాబట్టి నా ఓటు ఎటు పడుతుందో వేరే చెప్పాలా? ఆ కోసినవాణ్ణి మావాడితో కలిసి నేనూ నాలుగు తిట్టాను.

ఒకప్పుడు అమెరికాలో ఇదో జాతర. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక యూరప్ సైన్యాలు వదిలించుకున్న రైఫిళ్లు అక్కడికి ఓడలకొద్దీ చేరాయి. కొత్త వేట తుపాకీ కొనలేనివాడికి సైన్యం సరుకు ఇరవై డాలర్ల లోపు, పోస్టులో ఇంటికే వచ్చేది. వచ్చినదాన్ని గరాజ్‌లో వైస్‌కు బిగించి ముందు కర్ర కోసేవారు. ఆ మేరకు బరువు తగ్గేది. వెనక కర్రకు చెంప ఆనేచోట ఎత్తు పెట్టేవారు. దుర్భిణి బిగించేవారు. దీన్ని స్పోర్టరైజింగ్ అనేవారు. ఎలా చేయాలో తుపాకీ పత్రికలు బొమ్మలతో సహా నేర్పేవి. అధ్యక్షుడు కెనెడీని కాల్చిన లీ హార్వీ ఆస్వాల్డ్ 1963లో షికాగో దుకాణం నుంచి పోస్టులో తెప్పించుకున్న ఇటలీ కార్కానో కూడా ఇలాంటి సరుకే: దుర్భిణితో కలిపి 19.95 డాలర్లు, పోస్టు ఖర్చు అదనం. దాన్ని పేల్చింది మావాడు ఉంటున్న ఊళ్లోనే. 1968లో వచ్చిన చట్టం ఆ పోస్టు బేరాన్నీ, సైన్యపు పాత సరుకు దిగుమతినీ ఆపింది. తర్వాత బయటినుంచి వచ్చిన వాటి మీద దిగుమతిదారు ముద్ర ఉండాలి. మావాడి దాని మీద లేదు, అంటే అంతకు ముందే సముద్రం దాటిందన్నమాట.

ఇదంతా అక్కడి ముచ్చట. మన దగ్గర .303 సామాన్యుడికి నిషిద్ధ బోరు. లైసెన్సుదారుల కోసం అదే ఇషాపూర్ .315 స్పోర్టింగ్ రైఫిల్ చేసింది. గొట్టం పొట్టి చేయాలంటే 1959 ఆయుధ చట్టం 6వ సెక్షన్ కింద దానికి విడిగా లైసెన్సు కావాలి. వాకిట్లో రంపం వేసుకుని కూర్చునే పని కాదు. పొలానికి పందులొస్తున్నాయని కూడా కుదరదు.

సరే, కర్రపని. ముందు ఆ వార్నిషు దింపాలి. గాజు పెంకుతో గోకొద్దు, రిమూవర్ పూసి మెత్తబడ్డాక గుడ్డతో తుడవాలి. సొట్టలున్నచోట తడిగుడ్డ పరిచి ఇస్త్రీపెట్టె ఆనిస్తే ఆవిరికి నలిగిన నార ఉబ్బి పైకి లేస్తుంది. తెగిన నార మాత్రం లేవదు. ఆపైన అవిసె నూనె. ఈ రైఫిళ్ల కర్రకు బ్రిటిష్ సైన్యం వాడిందీ అదేనని ఆనందంగా మనవి చేసుకుంటున్నాను. పల్చగా పూసి, అరచేత్తో వేడెక్కేదాకా రుద్ది, మిగిలింది తుడిచేసి, ఆరనిచ్చి మళ్లీ. నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూల పడేయొద్దు, దానంతటదే అంటుకుంటుంది. పరిచి ఆరేయాలి, లేదా నీళ్ల బకెట్లో వేయాలి.

కొత్త ముందు కర్ర అమర్చడం ఇంతకంటే కష్టం. చూడ్డానికి తొడుగులా ఉంటుంది గానీ, తుపాకీ పేలినప్పుడు వెనక్కి తన్నే తాపు ఆ కర్ర వెనక కొసన రెండు చిన్న ముఖాల మీద పడుతుంది. రెండూ ఉక్కుకు సమానంగా ఆనకపోతే కర్ర చీలుతుంది. ఆనుతున్నాయో లేదో కంటికి తెలియదు. ఉక్కుకు దీపపు మసి పల్చగా పూసి, కర్ర బిగించి విప్పితే ఎత్తుగా ఉన్నచోట నల్లగా అంటుతుంది. ఆ నలుపు మేరకే ఉలితో గీకాలి. మళ్లీ మసి, మళ్లీ బిగింపు. ఎక్కువ గీకితే అతుకు వేయాల్సిందే. మా అమ్మమ్మ కాటుక పట్టిన ఆముదం దీపం ఈ పనికి భేషుగ్గా పనికొస్తుందంటే మావాడు నవ్వాడు. డల్లాస్‌లో ఆముదం దొరుకుతుందట.

ఈ తుపాకీకీ నాకూ పాత పరిచయం ఉంది. కాలేజీలో ఎన్.సి.సి. వారానికి రెండు పరేడ్లు, తర్వాత పూరీ కూర. పూరీ కూర కోసమే చేరినవాళ్లలో నేనొకణ్ణి. మాతో పేల్పించింది ఎక్కువగా పాయింట్ టూ టూ, అదీ .303 ఒంట్లోకి సన్నగొట్టం దించి మార్చిందే. అందుకే గుండు చిన్నదైనా తుపాకీ బరువు బరువే, దగ్గర దగ్గర నాలుగు కిలోలు. వెనక ఇత్తడి పలకలో చిన్న తలుపు. తెరిస్తే లోపల పుల్ త్రూ తాడు, ఇత్తడి నూనె సీసా. తాడు కొసకు చిందీ గుడ్డ కట్టి గొట్టంలోంచి లాగి, వెలుతురుకేసి పట్టి చూస్తే లోపలి మెలికలు అద్దంలా మెరవాలి. మెరవకపోతే ఉస్తాద్ గారు గ్రౌండు చుట్టూ పరిగెత్తించేవారు.

క్యాంపులో ఒకసారి అసలు .303 పేల్చనిచ్చారు. నేను పొట్టి. నాకొచ్చిన రైఫిల్ బట్టు, అంటే వెనక కర్ర, నా చేతికి పొడుగు. మెడ సాచి గురి చూస్తే బట్టు భుజం గుంటలోంచి జారి జబ్బ మీదికొచ్చింది. పేలగానే జబ్బ కమిలి వంకాయ రంగుకు తిరిగింది. ఆయుధాల గదిలో ఉండే హవల్దారు చూసి, బట్టు మీద వేలు పెట్టి ఒక అక్షరం చూపించాడు. ఎల్. పొడుగువాళ్లది. మామూలుదానికి అర అంగుళం పొట్టిది ఎస్. దానికీ అర అంగుళం పొట్టిది బి. బాంటమ్, అంటే మరుగుజ్జు కోడి. నాకు బి తెచ్చిచ్చాడు. తోటివాళ్లు వారంపాటు కోడీ అని పిలిచారు గానీ, ఆ తర్వాతి గుళ్లు బోర్డును తగిలాయి.

అప్పట్నుంచీ నాదొకటే పాట. మీరు వినీ వినీ విసిగిన పాట. మనుషుల చేతులు ఒక్క కొలతవి కావని లక్షల్లో తుపాకులు చేయించిన సైన్యానికే తెలుసు. మన వంటింటి గట్టు కట్టే మేస్త్రీకి తెలియదు. ఇంట్లో వండేది ఎవరు, వాళ్ల ఎత్తెంత అని ఒక్కడూ అడగడు.

ఆ అక్షరం గుర్తొచ్చి మావాణ్ణి బట్టు చూపించమన్నాను. అక్షరం వార్నిషు కింద పూడిపోయింది. రబ్బరు ప్యాడ్ దగ్గర మాత్రం ఒక వింత కనిపించింది. కర్ర రంగు మూడు రకాలుగా ఉంది. ముదురు వాల్‌నట్, దాని వెనక పచ్చటి వేరే జాతి చెక్క ఒక వేలి మందం, దాని వెనక ఎర్రటిది ఇంకో వేలి మందం, ఆపైన రబ్బరు. అతుకులు రెండూ చేత్తో సానబెట్టినవే. ఒకటి నీటుగా ఉంది, రెండోది కాస్త వంకర.

ముందు బట్టును పొట్టిగా కోశారు. తర్వాత ఒక చెక్క అతికారు. ఇంకొన్నాళ్లకు ఇంకో చెక్క. పెద్దవాడు తన కోసమైతే కోసి మళ్లీ అతుక్కోడు. అక్కడ తండ్రులు పిల్లలకు వేట నేర్పేటప్పుడు బట్టు కోయడం, పిల్లలు ఎదిగేకొద్దీ చెక్కలు జోడించడం మామూలేనట. మావాడి ఆఫీసు స్నేహితుడు చెప్పాడు. ముందు కర్ర కోసిందీ అందుకేనేమో. పన్నెండేళ్ల పిల్లాడో పిల్లో మూతి బరువుతో ఎంతసేపు మోస్తారు?

ఇది చూశాక నా తిట్లు నాకే ఎబ్బెట్టుగా తోచాయి. ఇంతకీ ఏ రూపానికి తెద్దామని? ఈ జాతి తుపాకీని ప్రభుత్వాలే నానా రకాలుగా కోశాయి, మార్చాయి. కాపలావాళ్ల చేతుల్లో పూర్తి రైఫిల్ పెట్టడం ఇష్టంలేని దొరలు, మెలికలు లేని నున్నటి గొట్టంతో ఒంటిగుండు .410 మస్కెట్‌గా మార్పించారు. ముందు కర్ర చీలకుండా ఇషాపూర్‌లోనే అడ్డంగా ఒక మర దిగ్గొట్టారు. గ్రెనేడ్లు పేల్చేవాటికి కర్ర చుట్టూ తీగ బిగించారు. 1962 యుద్ధం తర్వాత పాత నమూనాను 7.62 గుండుకు తిప్పి, పన్నెండు గుళ్ల మ్యాగజీన్ పెట్టి 2ఎ అన్నారు. మరమ్మతుకు వచ్చిన ప్రతిసారీ కర్రలు మార్చి తేదీ కొట్టి పంపారు. మావాడు తెప్పించే ముందు కర్ర కూడా ఏదో విరిగిన తుపాకీ నుంచి విప్పిందే. అది బిగిస్తే వచ్చేది 1943 నాటి రైఫిల్ కాదు, దాని వేషం. ఆ రెండు చెక్కలూ పీకి పారేస్తే మాత్రం పోయేది నిజంగా పోతుంది.

టేకు తలుపుల సంగతేమిటని అడుగుతారు. పెయింటు పూసినవాణ్ణి ఇప్పటికీ క్షమించను. వాడు తలుపు ముందు నిలబడి ఎవరి ఎత్తూ కొలవలేదు, డబ్బాలో మిగిలిన రంగు అయిపోగొట్టాడు.

మావాడికి ఇవన్నీ చెప్పి, వార్నిషు దింపి నూనె పట్టించి ఊరుకోమన్నాను. వాడు తల గోక్కున్నాడు. ముందు కర్రకు నిన్న రాత్రే డబ్బు కట్టేశాడట. వాపసు తీసుకోరట. పైగా, “మా అమ్మాయి వచ్చే ఏడు రేంజ్‌కు వస్తానంటోంది మామయ్యా, దానికి ఈ బట్టు పొడుగే” అన్నాడు. చెక్కలు మరతో బిగించారా, జిగురుతో అతికారా చూసి చెప్పమన్నాను. మరలైతే ప్యాడ్ విప్పి రెండూ తీసి దాచి పెట్టుకోవచ్చు. జిగురైతే రంపం పట్టాలి, అది నేను చెప్పను.