శిక్షల శాతం ఏం చెబుతుంది? చుండూరు కేసు ఆధారంగా ఒక విమర్శ

జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటా ప్రచురించే ‘క్రైమ్ ఇన్ ఇండియా’లో శిక్షల శాతం అనే అంకె ఉంటుంది. విద్యార్థులు తమ వ్యాసాల్లో ఎక్కువగా ఉదహరించేది, ఎక్కువగా పొరబడేది దీని దగ్గరే. ఆ ఏడాది కోర్టుల్లో విచారణ ముగిసిన కేసుల్లో నూటికి ఎన్నింటిలో నేరం రుజువైందో అది చెబుతుంది. ఆ ఏడాది నమోదైన కేసులతో దానికి నేరుగా సంబంధం లేదు. ఈ నిర్వచనాన్ని గుర్తుంచుకుని ఒక్క కేసును ఆ పట్టికలో పెట్టి చూడండి.

1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. కొన్ని మృతదేహాలు గోనె సంచుల్లో, కాలువలో దొరికాయి. ఆ ఊళ్ళోనే ఏర్పాటైన ప్రత్యేక కోర్టు 2007 జులై 31న తీర్పు చెప్పింది. 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు. 123 మందిని విడిచిపెట్టింది.

ఇప్పుడు లెక్క కట్టండి. కేసును ప్రమాణంగా తీసుకుంటే నేరం రుజువైంది, అంటే నూటికి నూరు. మనుషులను లెక్కిస్తే 179 మందిలో 56 మంది, సుమారు 31 శాతం. యావజ్జీవం పడినవారినే లెక్కిస్తే 12 శాతం కూడా లేదు. మూడూ సరైన లెక్కలే. ఎవరి వాదానికి ఏది అనుకూలమో దాన్నే ఎత్తి చూపుతారు. కనుక శాతం కనబడగానే ‘దేనిలో శాతం?’ అని అడగండి.

కాలం సంగతి ఇంకా చిక్కు. నేరం 1991 లెక్కలోకి, శిక్ష 2007 లెక్కలోకి పోతాయి. మధ్యలోని పదహారేళ్ళు శాతంలో కనిపించవు. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు శిక్షపడిన వారందరినీ నిర్దోషులుగా విడుదల చేసింది. దానిపై సుప్రీంకోర్టులో అప్పీలు దాఖలైంది. ఇంత జరిగినా పాత సంవత్సరపు పట్టికను ఎవరూ వెనక్కి వెళ్ళి దిద్దరు.

అత్యాచారాల నిరోధక చట్టం కింద శిక్షల శాతం తక్కువ కాబట్టి అవి తప్పుడు కేసులేనని వాదించేవారున్నారు. ఈ వాదం నిలవదని నా అభిప్రాయం. నేరం చేసింది ఫలానా వారేనని ప్రాసిక్యూషన్ నిరూపించలేకపోయినా నిర్దోషి అనే తీర్పే వస్తుంది. సాక్షులు ఎదురుతిరిగినా, ఏళ్ళు గడిచి జ్ఞాపకం చెదిరినా అదే తీర్పు, అదే గడి. చుండూరులో ఎనిమిది మంది హత్యకు గురికాలేదని ఏ కోర్టూ అనలేదు. శాతం ఎక్కువైతే న్యాయం జరిగినట్టేనన్న వాదం కూడా ఇంతే బలహీనం.

మరొక చిన్న జాగ్రత్త. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విడగొట్టాక చుండూరు, ప్రకాశం జిల్లాలోని కారంచేడు రెండూ బాపట్ల జిల్లాలోకి వచ్చాయి. గుంటూరు, ప్రకాశం జిల్లాల పాత అంకెల పక్కన నేటి అంకెలు పెట్టి ‘తగ్గింది’ అని అసైన్‌మెంటులో రాసే ముందు, ఏ మండలాలు ఎటు పోయాయో చూసుకోండి.