నీటిని చదివినవాడిదే పందెం

నీటి మట్టానికి రెండు మీటర్లకు పైగా ఎత్తులో ఒక వాలు వేదిక. దానిమీద పక్కపక్కనే నాలుగు పొట్టి ప్లాస్టిక్ పడవలు, ఒక్కోదాంట్లో నడుము దాకా బిగించుకుని కూర్చున్న ఒక్కో మనిషి. సంకేతం రాగానే నలుగురూ ఒక్కసారే జారి, నురగలు కక్కుతున్న నీళ్లలో పడతారు. అక్కణ్నుంచి తెడ్లు తగులుతాయి, పడవలు ఢీకొంటాయి. ప్రమాదకరంగా గుద్దనంత వరకు నిబంధనలు కూడా అందుకు ఒప్పుకుంటాయి. నీళ్లపైన వేలాడదీసిన గుర్తుల్లో కొన్నింటిని ప్రవాహం వెంట దిగుతూ దాటాలి, కొన్నింటిని ఎదురెక్కి చుట్టి రావాలి. ఒకచోట మాత్రం పడవతో సహా బోర్లాపడి, నీళ్ల కిందినుంచి పూర్తిగా ఒక చుట్టు తిరిగి లేవాలి. కయాక్ క్రాస్ అని పిలిచే ఈ పందెం 2024 పారిస్ ఒలింపిక్స్‌లో తొలిసారి పతకాల పట్టికలోకి ఎక్కింది. పురుషుల్లో న్యూజిలాండ్‌కు చెందిన ఫిన్ బుచర్, మహిళల్లో ఆస్ట్రేలియాకు చెందిన నోయెమీ ఫాక్స్ మొదటి స్వర్ణాలు గెలుచుకున్నారు.

టీవీలో చూసినవాళ్లకు అది వట్టి తెగింపులా కనిపించి ఉంటుంది. ఒలింపిక్స్‌లో ఆ నీళ్లు పారింది కట్టిన కాలువలో. దీని అసలు రూపం కొండ నదుల్లో, బండల మధ్య, జలపాతాల అంచుల్లో ఉంది. అక్కడ దీన్ని ఎక్స్‌ట్రీమ్ కయాక్ రేసింగ్ అంటారు. ఆ పోటీలను శ్రద్ధగా గమనిస్తే ముందు నిలిచేది తెగువ ఎక్కువున్నవాడు కాదని తెలిసిపోతుంది. నీళ్లు ఎటు లాగుతాయో, ఎక్కడ ఆగుతాయో, ఎక్కడ మనిషిని పట్టుకుని వదలవో చదవగలిగినవాడే గెలుస్తాడు. మేడ్చల్, శామీర్‌పేట లాంటి చెరువుల సీమలో ఉన్న మనకు ఈ ఆట ఎంత దూరమో, ఈ చదువు అంత దగ్గర అని నా నమ్మకం.

ఆట దూరమే. మనది దక్కన్ పీఠభూమి. వాన పడితే వాగు పారుతుంది, వాన వెలిస్తే ఇసుక మిగులుతుంది. అందుకే ఇక్కడి నీటి విద్య అంతా నీటిని నిలబెట్టడంలో పండింది. కాకతీయుల కాలపు రామప్ప, పాఖాల నుంచి శామీర్‌పేట పెద్ద చెరువు దాకా కట్ట, తూము, మత్తడి అనే మూడింటి చుట్టూనే మన ఊళ్లు పెరిగాయి. ఉరికే నీళ్ల మీద పడవ నడిపే అవసరం మనకు కృష్ణా గోదావరుల ఒడ్డునే వచ్చింది. కృష్ణలో ‘పుట్టి’ అనే గుండ్రటి పడవ నడిపేవాళ్లు, పాపికొండల ఇరుకులో లాంచీ నడిపే సరంగులు నీటి రంగును, సుడిని చూసి దారి ఎంచుకునేవాళ్లే. ఆ విద్య తండ్రి నుంచి కొడుక్కి చేతి పనిగా అందింది. కయాకర్లు అలాంటి ఎరుకనే తమ నదుల్లో పాఠంగా రాసుకుని, పేర్లు పెట్టి, అందరికీ నేర్పే పద్ధతిగా మార్చారు.

మనకు అందుబాటులో ఈ పందెం కళ్లారా చూడగలిగిన చోటు కేరళలోని కోజికోడ్ జిల్లా. పడమటి కనుమల్లో నైరుతి వానలు ఊపందుకున్నాక, తుషారగిరి పరిసరాల్లో చాలిప్పుళ, ఇరువంజిప్పుళ నదులు బండల మీదుగా దుంకుతూ దిగుతాయి. అక్కడ 2013లో మలబార్ రివర్ ఫెస్టివల్ మొదలైంది. దేశదేశాల కయాకర్లు జూలై వానల్లో అక్కడి కోడంచేరి చేరతారు. గెలిచినవాళ్లకు ‘రాపిడ్ రాజా’, ‘రాపిడ్ రాణి’ అని బిరుదులిస్తారు. వానాకాలంలో జనం నదికి దూరంగా ఉండే చోటికి, ఆ వానకోసమే ప్రపంచం నలుమూలలనుంచి మనుషులు వచ్చి పడవలు దించుతారు. అంత ధీమా వాళ్లకు చదువు ఇచ్చింది.

ఆ చదువులో మొదటి పాఠం ఒడ్డున నిలబడి చూడటం. పారే నీళ్లలో ఒక బండ అడ్డొస్తే దాని వెనక నీడలాంటి చోటు ఏర్పడుతుంది. అక్కడ నీళ్లు నెమ్మదిస్తాయి, ఒక్కోసారి పైకే తిరిగి పారతాయి. దీన్ని ఎడ్డీ అంటారు. నది ఎంత ఉరుకుతున్నా కయాకర్ ఆగి ఊపిరి పీల్చుకునే మజిలీ ఇదే. రెండు బండల మధ్య నుంచి నీళ్లు నున్నగా, ముదురు రంగులో నాలుకలా జారితే అక్కడ లోతుంది, దారి ఉంది. దాని మొన కిందివైపుకు చూపిస్తుంది. అదే మొన మనవైపు, అంటే ఎగువకు తిరిగి ఉంటే నీళ్ల కింద బండ దాగి ఉందన్నమాట. తెల్లటి నురగలో గాలి ఎక్కువ, తెడ్డుకు పట్టు తక్కువ. ఎడ్డీకీ ప్రవాహానికీ మధ్య ఒక గీత కనిపిస్తుంది. దాన్ని దాటి ప్రవాహంలోకి వచ్చేటప్పుడు పడవను దిగువ వైపుకు ఒరిగించాలి. భయంతో ఎగువకు ఒరిగితే నీళ్లు ఆ అంచును పట్టి క్షణంలో బోర్లా వేస్తాయి. కొత్తవాళ్లు అందరికంటే ఎక్కువగా పడేది ఈ గీత మీదే.

ఇక వీళ్లు అన్నిటికన్నా జాగ్రత్తగా చూసేది ‘హోల్’ను. నీళ్లు ఎత్తునుంచి దుంకి అడుక్కి వెళ్తాయి, పైపొరలోని నీళ్లు మాత్రం వెనక్కి తిరిగి దుంకిన చోటికే వస్తాయి. మధ్యలో చిక్కిన పడవైనా, మనిషైనా, మొద్దైనా అక్కడే దొర్లుతూ ఉండిపోవచ్చు. నదిలో సహజంగా ఏర్పడే హోల్‌కు చాలాసార్లు పక్కన ఎక్కడో ఒక సందు ఉంటుంది, తప్పించుకోవచ్చు. మనిషి కట్టిన అడ్డుగోడకు అలాంటి సందు ఉండదు. ఈ ముక్క మనవాళ్లు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. వానలు దండిగా పడిన ఏడు చెరువు నిండి మత్తడి దుంకుతుంటే ఊరంతా చూడ్డానికి పోతుంది. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే ఎత్తున నీళ్లు అద్దంలా జారుతుంటాయి, చూడటానికి ఎంతో నెమ్మదిగా ఉంటుంది. కింద లోతుగా నీళ్లు నిలిచిన చోట, ఆ జారుడు అడుగున నురగ గోడవైపుకే తిరిగి వస్తుండటం కాసేపు నిలబడి చూస్తే కనబడుతుంది. ఒక కొబ్బరి బొండాం అందులో పడితే దిగువకు పోకుండా గోడ దగ్గరే మునిగి తేలుతుంటుంది. పది మీటర్ల జలపాతం దుంకే కయాకర్ కూడా మీటరు ఎత్తు అడ్డుగోడ ఎదురైతే ఒడ్డుకు చేరి, పడవ భుజాన వేసుకుని నడిచి దాటుతాడు.

రెండో పాఠం ఒంటిది. కయాక్ పుట్టింది ఆర్కిటిక్ మంచు సముద్రాల్లో. ఇన్యూట్ వేటగాళ్లు సీల్ చర్మంతో కప్పిన సన్నటి పడవలో వేటకు వెళ్లేవారు. ఆ చలి నీళ్లలో పడవ బోర్లాపడితే బయటికి ఈదడం అంటే చావే. అందుకే పడవలోంచి దిగకుండానే మళ్లీ లేచే ఉపాయం కనిపెట్టారు. దాన్నే రోల్ అంటారు. ఐరోపాలో దీన్ని పట్టుబట్టి నేర్చుకున్న మొదటివాడిగా ఆస్ట్రియాకు చెందిన ఎడీ హాన్స్ పావ్లాటాను చెబుతారు. ఆర్కిటిక్ యాత్రికుల రాతలు చదివి, సొంతంగా సాధన చేసి, 1927లో వైసెన్‌జీ అనే సరస్సులో ఆయన దాన్ని సాధించాడు. ఉరికే నదుల మీద ప్రాణం కాపాడే విద్యను ఆయన నిలకడ నీళ్లలో పట్టుకున్నాడు.

రోల్‌ను దగ్గరనుంచి చూస్తే అందులో బలం పాలు చాలా తక్కువ. పడవ తలకిందులైంది, మనిషి నీళ్ల కింద వేలాడుతున్నాడు. మొదట చేయాల్సింది తొందరపడకపోవడం. ఒంటిని ముందుకు వంచి పడవకు అదిమిపెట్టాలి. దానివల్ల ముఖం బండలకు తగలదు. తెడ్డును పడవ పక్కకు తెచ్చి, నీటి పైపొర మీదుగా విశాలంగా తుడిచినట్టు తిప్పాలి. అదే సమయంలో తుంటిని ఒక్క విసురుతో తిప్పితే పడవ నిటారుగా అవుతుంది. తల అన్నిటికంటే చివర రావాలి. కష్టమంతా ఇక్కడే ఉంది. మునుగుతున్న మనిషి చేసే మొదటి పని తలెత్తడం, గాలి కోసం ఒళ్లంతా కోరుకునేదీ అదే. తల ముందు లేస్తే దాని బరువు పడవను మళ్లీ కిందికి లాగుతుంది. ఊపిరి ఆడని చోట ఆ ఒక్క కోరికను రెండు క్షణాలు ఆపుకోగలగడమే రోల్.

జలపాతం అంచు దగ్గర చేసే పనిని బూఫ్ అంటారు. నీళ్లు కిందికి విరిగే చోట చివరి తెడ్డు వేటును బలంగా లాగి, మోకాళ్లతో పడవ ముక్కును పైకెత్తి, ఒంటిని ముందుకు తెస్తే పడవ హోల్‌ను దాటి అవతల చదునుగా వాలుతుంది. ఆ వేటు ఒక్క క్షణం ముందు పడినా, ఆలస్యమైనా ముక్కు కిందికి దిగి పడవ నేరుగా హోల్‌లోకి పోతుంది. అలాగని ఎత్తు ఎక్కువైనచోట బూఫ్ చేయరు. చదునుగా పడితే వెన్నుపూస దెబ్బతింటుంది. అక్కడ ముక్కుతోనే నీళ్లను చీల్చుకుంటూ దిగాలి. ఏ ఎత్తుకు ఏ పద్ధతో తెలియడం కూడా ఇందులో భాగమే.

ఇవన్నీ వచ్చాకే పందెం. ఆస్ట్రియాలో ఓట్జ్‌టాలర్ ఆహె నది మీద వెల్లర్‌బ్రూకె దగ్గర 2008 నుంచి 2017 దాకా సిక్‌లైన్ పేరుతో ప్రపంచ స్థాయి పోటీలు జరిగాయి. పరుగు సుమారు ఒక నిమిషం. ఆ నిమిషం కోసం పోటీదారులు గంటలకొద్దీ ఒడ్డున నడుస్తూ ప్రతి వేటునూ మనసులో రాసుకునేవాళ్లు. అమెరికాలోని నార్త్ కరోలినాలో గ్రీన్ నది ఇరుకు లోయలో 1996 నుంచి గ్రీన్ రేస్ జరుగుతూ వచ్చింది. అక్కడ ఒక్కొక్కరే బయల్దేరతారు, గడియారమే ప్రత్యర్థి. గొరిల్లా అనే దుంకుడు దగ్గర జనం బండల మీద కిక్కిరిసి నిలబడతారు. 2024 సెప్టెంబరులో హెలీన్ తుఫాను ఆ లోయ రూపాన్నే మార్చేసింది. ఏళ్ల తరబడి కంఠతా పట్టిన దారులు పోయాయి, కయాకర్లు మళ్లీ ఒడ్డున నిలబడి మొదటినుంచి చదవడం మొదలుపెట్టారు. నదిని ఒకసారి నేర్చుకుంటే సరిపోదని ఇంతకంటే గట్టిగా ఏ గురువూ చెప్పలేడు.

ఇందులో ఉత్సాహం ఎక్కడుందని అడిగితే నా జవాబు ఇది. ఆ నిమిషంలో మనసు రెండోచోట ఉండలేదు. మూడు దుంకుళ్ల అవతలి ఎడ్డీ మీద చూపు, ఇప్పటి వేటు మీద చేయి, రెండింటికీ మధ్య తుంటి కదలిక. నీళ్లతో పోట్లాడినవాడు అలిసిపోతాడు. నీళ్లు పోయే దారిలో తన దారి కలిపినవాడికి అదే నది బలమిస్తుంది. ఒడ్డున చూసేవాళ్లకు సాహసంగా కనిపించేది, లోపలున్నవాడికి తేటపడ్డ చూపు. ఆ ఆనందం కోసమే వాళ్లు ఏళ్లు ధారపోస్తారు.

ఈ సంప్రదాయంలో నేను అన్నిటికంటే గౌరవించేది మరొకటుంది. నడిచి దాటడాన్ని ఎవరూ చిన్నచూపు చూడరు. ఫ్రాన్స్‌కు చెందిన నూరియా న్యూమన్ 2018లో లద్దాఖ్‌లో సారప్, జన్‌స్కర్, సింధు నదుల మీద ఒంటరిగా ప్రయాణించింది. దారిలో చావు అంచుదాకా వెళ్లి బయటపడింది, ఆ సంగతి దాచకుండా లోకానికి చెప్పింది. అదే మనిషి 2021లో ఈక్వెడార్‌లో వంద అడుగులకు పైగా ఎత్తున్న జలపాతం దిగిన తొలి మహిళ అయింది. తప్పుకోవాల్సిన చోటు తెలిసినవాళ్లే ఈ ఆటలో ఎక్కువకాలం నిలుస్తారు. పోటీ రోజున ప్రతి ప్రమాదకరమైన దుంకుడు దగ్గరా ఒడ్డున తాడు సంచితో ఒక మనిషి నిలబడి ఉంటాడు. ఆ మనుషులు తమ చోట్లలో లేకపోతే పందెం మొదలుకాదు.

మన ఊళ్లకు ఈ విద్య అవసరం ఇక్కడే కనబడుతుంది. 2019 సెప్టెంబర్ 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ట బోటు మునిగి 50 మందికి పైగా చనిపోయారు. అది అందరికీ గుర్తున్న విషాదం. గుర్తులేనివి ఇంకా ఎన్నో. ప్రతి వానాకాలం లోలెవల్ వంతెన మీద మోకాలి లోతు నీళ్లే కదా అని బండి దించినవాళ్లు, మత్తడి దగ్గర జారినవాళ్లు, చెరువులో స్నేహితుణ్ని కాపాడబోయి తామూ పోయినవాళ్లు. ఒక ఘనమీటరు నీళ్లు టన్ను బరువు. నీటి వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుంది. ఈ లెక్క కయాకర్‌కు ఒంటికి పట్టి ఉంటుంది, మనకు పాఠ్యపుస్తకంలో ఉండిపోయింది.

కయాకర్లు మొదటిరోజే నేర్చుకునే కొన్ని సంగతులు మన పిల్లలందరికీ తెలియాలి. వాగులో కొట్టుకుపోతుంటే నిలబడటానికి ప్రయత్నించకూడదు. కాలు రాళ్ల సందులో ఇరుక్కుంటే ప్రవాహం మనిషిని ముందుకు తోసి, లోతులేని నీళ్లలోనే ముంచేస్తుంది. వెల్లకిలా తేలి, పాదాలు దిగువకు చాచి, చేతులతో ఒడ్డుకు ఏటవాలుగా జరగాలి. మునుగుతున్నవాణ్ని చూసి వెంటనే దూకకూడదు. కర్ర అందించాలి, తాడు విసరాలి, పడవ ఉంటే పంపాలి. నీళ్లలోకి దిగడం చిట్టచివరి మార్గం, అదీ శిక్షణ ఉన్నవాళ్లకే. తాడును మనిషి తల మీదుగా అవతలికి విసరాలి, కొసను చేత్తో పట్టుకోవాలి తప్ప నడుముకు కట్టుకోకూడదు. ఇవి తెలియక పోయిన ప్రాణాల తర్వాత మనం గజ ఈతగాళ్లను పిలిపించి శవాలు వెతికిస్తున్నాం. ఆ గజ ఈతగాళ్ల చేతికే ముందుగా తాడు సంచి, లైఫ్ జాకెట్, చిన్న కయాక్ ఇస్తే వాళ్ల ధైర్యం బతికినవాళ్లకు పనికొస్తుంది.

ఇందుకు మనకు హిమాలయ నది అక్కర్లేదు. పావ్లాటాకు సరిపోయిన నిలకడ నీళ్లు మన దగ్గర కావలసినన్ని ఉన్నాయి. వికారాబాద్ జిల్లా కోటపల్లి ప్రాజెక్టులో సరదా కయాకింగ్ కోసం హైదరాబాద్ కుర్రకారు ఇప్పటికే బారులు తీరింది. శామీర్‌పేట చుట్టూ నల్సార్, బిట్స్ లాంటి పెద్ద చదువుల సంస్థలున్నాయి, వేల మంది యువకులున్నారు. ఒక ఈతకొలను, నాలుగు పడవలు, పద్ధతి తెలిసిన శిక్షకుడు ఉంటే రోల్ ఇక్కడే నేర్చుకోవచ్చు. అనుమతి ఉన్న చెరువులో, లైఫ్ జాకెట్‌తో, ఒడ్డున కాపలాతో తెడ్డు పట్టు కుదుర్చుకోవచ్చు. పారే నీళ్ల పాఠం కోసం ఆ తర్వాత కొలాడ్‌లోని కుండలికకో, దండేలిలోని కాళీ నదికో, రిషికేశ్‌కో వెళ్లవచ్చు. అలా తయారైనవాళ్లలో ఒకరిద్దరు ఏదో ఒక జూలైలో కోడంచేరి వేదిక మీద తెలుగు పేరుతో నిలబడాలని నాకు గట్టి ఆశ. మిగతావాళ్లు పందెం ఎక్కకపోయినా సరే, తమ ఊరి వాగు పొంగిన రోజున జనాన్ని ఎక్కడ ఆపాలో, తాడు ఎటు విసరాలో తెలిసినవాళ్లుగా ఊరికి దక్కుతారు. మొదటి లాభం గర్వం, రెండోది ప్రాణం. ఒకే చదువు రెండింటినీ ఇస్తున్నప్పుడు దాన్ని మన చెరువుల దగ్గర మొదలుపెట్టడానికి ఇంకో వానాకాలం దాకా ఆగకూడదు.