అమరావతి శిల్పం: దాతలు, పనివారు, విమర్శకులు

అమరావతి శిల్పాన్ని గురించి మన భాషలో వచ్చే వ్యాసాలు తరచు రెండు మూసల్లో వుంటాయి. ఒకటి శాతవాహన ప్రభువుల వైభవాన్ని కీర్తించేది. రెండవది మన శిబిరం నుంచి వచ్చేది; బౌద్ధం కులాన్ని ధిక్కరించింది కాబట్టి ఆ శిల్పమంతా ప్రజల కళ అని తేల్చేది. మొదటి దానితో నాకు పేచీ వుండడం సహజం. రెండవ దానితోనూ వుంది. అందుకే ఈ వ్యాసం.

కొంతకాలం క్రితం కొందరు విద్యార్థులతో కలిసి చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోని అమరావతి శిల్పాలు చూశాను. వారిలో ఒకడు, "మాస్టారూ, ఇవి రాజులు చెక్కించినవా, జనం చెక్కించినవా?" అని అడిగాడు. "జనం" అన్నాను తడుముకోకుండా. ఇంటికి వచ్చి శాసనాలు మళ్ళీ తిరగేశాక, నా జవాబులో సగమే నిజముందని తోచింది.

ధాన్యకటకంలోని మహాచైత్యం క్రీస్తుపూర్వం 3వ శతాబ్దిలో మొదలైందని పండితుల అభిప్రాయం. దాని చుట్టూ వున్న మహాప్రాకారంలో ఎక్కువ భాగం క్రీస్తుశకం 2వ శతాబ్ది నాటి పని. రాయి పాలరాయి కాదు, పల్నాటి సున్నపురాయి. 18వ శతాబ్ది చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ కొత్త పట్టణం కట్టిస్తున్నప్పుడు ఆ దిబ్బలోని ఇటుకలూ రాళ్ళూ ఇళ్ళకూ గుళ్ళకూ పోయాయి. తర్వాత 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు చాలాకాలం మద్రాసులో పడివుండి, 1859లో లండను చేరాయి. ఇక్కడి ప్రభువు పునాదులకు వాడుకుంటే, అక్కడి ప్రభువు ప్రదర్శనకు పెట్టుకున్నాడు.

మిగిలిన రాళ్ళమీద ప్రాకృతంలో చిన్న చిన్న శాసనాలున్నాయి. ఎవరు ఏ పలక, ఏ స్తంభం దానమిచ్చారో వాటిలో వుంటుంది. రాజవైభవ వాదులకు ఇక్కడే చిక్కు వస్తుంది. వాసిష్ఠీపుత్ర పులుమావి పేరున్న శాసనాన్నే తీసుకోండి. అందులో రాజు పేరు కాలాన్ని సూచించడానికి వచ్చింది. పడమటి ద్వారం దగ్గర ధర్మచక్రం నిలిపినవారు మాత్రం ఒక గృహపతి కుటుంబంవారు. అధిక భాగం శాసనాల్లో కనిపించేది ఇటువంటి వారే: గృహపతులు, వర్తకులు, సుగంధద్రవ్యాలమ్మే గంధికులు, ఉపాసికలు, భిక్షువులు, భిక్షుణులు. స్త్రీలు తమ పేరుతో, తమ బిడ్డల పేర్లతో దానమిచ్చారు. వీరందరిలో నన్ను ఎక్కువగా ఆపినవాడు విధికుడు. అతడు చర్మకారుడు, ఉపాధ్యాయుడైన నాగుని కొడుకు. తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, బిడ్డలతో, బంధుమిత్రులతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలకను చైత్యానికి సమర్పించాడు. తోలుపని చేసేవాడు తన వృత్తిని దాచుకోకుండా, తండ్రి ఉపాధ్యాయుడని చెప్పుకుంటూ, పవిత్రస్థలంలో రాతిమీద నిలిచాడు. తోలుపనివారిని ధర్మశాస్త్రాలు ఏ మెట్టుమీద నిలబెట్టాయో తెలిసినవారికి ఈ శాసనం విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఇంతవరకు మనవాళ్ళ మాట సబబే. కాని పలక దానమివ్వాలంటే చేతిలో మిగులు వుండాలి. విధికునికి అది వుంది. చర్మకారుడన్న మాట వినగానే నేటి నిరుపేద చెప్పులు కుట్టేవాణ్ణి వూహించుకోవడం పొరపాటు. అతడు వృద్ధిలో వున్న పట్టణపు వృత్తిదారు. ధాన్యకటకం కృష్ణ ఒడ్డున, సముద్ర వర్తకానికి అందుబాటులో వున్న నగరం. ఆ వర్తకపు మిగులే ఈ రాళ్ళకు మూలధనం. పొలంలో కూలిచేసినవాడూ, గని నుంచి బండ దొర్లించినవాడూ, ఇంటి దాసీ దాతల పట్టికలో ఎక్కడున్నారు? సంఘం దాస్యాన్ని రద్దు చేయలేదు. దాసునికి, అప్పు తీర్చనివానికి, రాజభటునికి ప్రవ్రజ్య ఇవ్వరాదని వినయపిటకమే నిషేధించింది. యజమాని సొత్తుకూ, సాహుకారు బాకీకీ, రాజు సైన్యానికీ భంగం కలగకుండా సంఘం తన తలుపు బిగించుకుంది. ఈ నియమాన్ని పక్కనబెట్టి బౌద్ధాన్ని సామ్యవాదానికి తాతగా నిలబెట్టడం చరిత్ర కాదు, మన కోరిక.

ఇక చెక్కినవారి సంగతి. దాత పేరున్న చోట శిల్పి పేరు సాధారణంగా వుండదు. అయితే అతని చూపు మాత్రం రాతిలో వుంది. నాళాగిరి ఏనుగు కథ చెక్కిన గుండ్రటి ఫలకం చూడండి. ఒకే వృత్తంలో ఏనుగు వీధిలో పడి మనుషుల్ని తొక్కుతున్నది. అదే ఏనుగు బుద్ధుని ముందు మోకరిల్లుతున్నది. కథ బుద్ధుని మహిమ చెప్పడానికే. కాని శిల్పి మనసుపెట్టి చెక్కింది వీధిని. భయంతో పక్కవారిని కరుచుకున్న ఆడమనిషినీ, మేడకిటికీల్లోంచి తొంగిచూసే వారినీ అతడు సిద్ధాంతంలోంచి తేలేదు. తన వూళ్ళో చూసివుంటాడు. మరో ఫలకంలో బుద్ధుడే లేడు. ఖాళీ ఆసనం, పాదాలు, వాటిముందు నేలకు వంగిన స్త్రీలు. లేని మనిషిని వంగిన వెన్నులతో వున్నాడనిపించాడు శిల్పి. ప్రజల కళ అనే మాటకు అమరావతిలో ఆధారం దాతల పట్టికలో ఎంత వుందో ఈ చూపులో అంతకన్న ఎక్కువ వుందని నా అభిప్రాయం.

బౌద్ధం ప్రజలది, శైవవైష్ణవాలు పాలకులవి అనే విభజనకూ ఆధారం చాలదు. గుడిమల్లం లింగం మీద నిలబడిన శివుడు అమరావతి తొలి శిల్పాలకు దరిదాపు కాలంవాడు. చేతిలో పొట్టేలుతో, ఒక యక్షుని భుజాలమీద నిలిచాడు. అమరావతిలో పొట్టి యక్షులు పూలదండలు మోస్తారు. వూరి చెట్టుకిందా చెరువుగట్టునా జనం కొలిచిన యక్షుల్ని రెండు మతాలూ తీసుకున్నాయి. రెండూ తమ దైవానికి బరువు మోయడానికే నియమించాయి. నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాజు శాంతమూలుడు అశ్వమేధం చేశాడు. అతని సోదరి శాంతిశ్రీ మహాచైత్యానికి స్తంభాలు నిలిపింది. మతాలు రెండైనా ఇల్లు ఒకటే.

మరి మార్పు ఎక్కడ వచ్చింది? నా దృష్టిలో దేవుడు మారడం కన్న దానం మారడం ముఖ్యం. 4వ శతాబ్ది నాటి మైదవోలు రాగిరేకులు చూడండి. పల్లవ యువమహారాజు శివస్కందవర్మ ధాన్యకటకంలోని తన అధికారికి ఆజ్ఞ పంపుతున్నాడు: విరిపర గ్రామాన్ని ఇద్దరు బ్రాహ్మణులకిచ్చాను, అక్కడ భటులు ప్రవేశించరాదు, ఉప్పు తవ్వరాదు. భాష అదే ప్రాకృతం. నగరం అదే ధాన్యకటకం. కాని విధికుడు ఇచ్చింది తన సంపాదనలోంచి ఒక పలక. యువరాజు ఇచ్చింది ఒక వూరు, అంటే అందులో దున్నేవారి శ్రమఫలం. ఇచ్చినవాడికి పుణ్యం, పుచ్చుకున్నవారికి భూమి, దున్నేవాడికి కొత్త యజమాని. ఆనాటికి రోమన్ వర్తకం సన్నగిల్లింది. పట్టణపు వృత్తిదారు దాతగా వెనక్కి తగ్గాడు. అయినా వర్తకం తగ్గింది కాబట్టి బౌద్ధం పోయింది అని ఒక్క వాక్యంతో చేతులు దులుపుకోరాదు. ధాన్యకటకంలో మరమ్మతు చేయించినట్లు శ్రీలంకలోని 1344 నాటి గడలాదెణియ శాసనం చెబుతున్నది. అంటే వెయ్యేళ్ళ తర్వాత కూడా అక్కడికి యాత్రికులు వస్తూనే వున్నారు.

ఆ విద్యార్థికి ఇవాళ నేనిచ్చే జవాబు ఇది: దానమిచ్చింది ఎక్కువగా రాజులు కారు, మిగులున్న పట్టణ జనం, చెక్కింది పేరులేని పనివారు, ఆ ఇద్దరికీ తిండిపెట్టినవారు రాతికెక్కలేదు. ఈ మూడు మాటలూ కలిపి చెప్పకపోతే మనమూ ఒక కొత్త ప్రశస్తి రాసినవాళ్ళమే అవుతాం.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ చిహ్నంలో పూర్ణఘటం వుంది. అమరావతి శిల్పం నుంచి వచ్చిన గుర్తది. ప్రతి ప్రభుత్వ కాగితం మీదా దాన్ని చూసే మనం, అటువంటి ఘటం చెక్కిన పలకను ఒకనాడు ఒక చర్మకారుడు తల్లినీ ఆలుబిడ్డల్నీ వెంటబెట్టుకుని ఇచ్చాడని మన తరగతి గదుల్లో చెబుతున్నామా? అతని వృత్తిలో పుట్టినవారు తర్వాతి కాలంలో గుడి బయటే ఎందుకు నిలబడవలసి వచ్చిందో చెబుతున్నామా? శిల్పసౌందర్యాన్ని గురించి మాట్లాడే ప్రతి విమర్శకుడూ ముందు ఈ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పవలసి వుంటుంది.