అడిగే మనిషి

అవయవదానం మీద నవల అనగానే మన ఊహ అంబులెన్స్ ఎక్కేస్తుంది. సూరత్‌లో ఉండేవాళ్లకు మరీను. ఇక్కడి పేపర్లలో ఆ వార్త తరచూ వస్తుంది: గుండె ముంబయికి, కిడ్నీలు అహ్మదాబాద్‌కు, పోలీసులు ట్రాఫిక్ ఆపి గ్రీన్ కారిడార్ ఇచ్చారు, ఇన్ని నిమిషాల్లో ఇన్ని కిలోమీటర్లు. 2011లో వచ్చిన మలయాళ సినిమా ‘ట్రాఫిక్’ నిండా ఆ పరుగే. ఊపిరి బిగబట్టి చూశాను, కాదనను. కానీ ఆ బండి కదలకముందు ఏదో గదిలో ఒక మనిషి ఇంకో మనిషిని ఒక మాట అడిగి ఉంటాడు. అసలు కథ అక్కడుందని నాకు ఎప్పటినుంచో అనుమానం.

ఆ అనుమానాన్ని గట్టిపరచింది మైలిస్ ద కెరంగల్ నవల. 2014లో ఫ్రెంచిలో వచ్చింది, నేను ‘మెండ్ ద లివింగ్’ అన్న ఇంగ్లీషు అనువాదంలో చదివాను. తెల్లవారుజామున సముద్రపు అలల మీద ఆడుకుని తిరిగొస్తూ సిమోన్ అనే పంతొమ్మిదేళ్ల కుర్రాడు రోడ్డు ప్రమాదంలో పడతాడు. ఇరవైనాలుగు గంటలు గడిచేసరికి అతని గుండె వేరొకరి ఒంట్లో కొట్టుకుంటుంది. కథ ఇంతే. అందులో నన్ను పట్టుకున్నది సర్జనూ కాదు, గుండె అందుకున్న ఆవిడా కాదు. తోమా రెమీజ్ అనే నర్సు. కుటుంబాలతో మాట్లాడటం అతని ఉద్యోగం. పాటలు పాడతాడు, గోల్డ్‌ఫించ్ పిట్టంటే ప్రాణం. తల్లిదండ్రుల ఎదుట కూర్చుని ఎంతసేపు నోరు మూసుకోవాలో తెలిసినవాడు. గుండె తీసే ముందు, ఇచ్చిన మాట తప్పకుండా, ఆ కుర్రాడి చెవుల్లో సముద్రపు హోరు వినిపిస్తాడు. వైద్యానికి దాంతో పనిలేదు. కన్నవాళ్లకు ఉంది.

ఫ్రాన్సులో 1976 నాటి చట్టం ప్రకారం, వద్దని చెప్పి ఉండకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. అయినా అడుగుతారు. మన దగ్గర అలా కాదు. బతికుండగా కార్డు మీద సంతకం పెట్టి జేబులో వేసుకు తిరిగినా, చివరి మాట ఇంటివాళ్లదే. మన చట్టం 1994లో వచ్చింది. ఆ ఏడాదే ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో మన రాజమండ్రి మనిషి డాక్టర్ పనంగిపల్లి వేణుగోపాల్ దేశంలో తొలిసారి గుండెమార్పిడి విజయవంతంగా చేశారు. బ్రెయిన్ డెత్ కూడా మరణమేనని ఒప్పుకున్నది ఆ చట్టమే. నలుగురు డాక్టర్ల బృందం పరీక్షించాలి, కనీసం ఆరు గంటలు ఆగి మళ్లీ పరీక్షించాలి, అప్పుడే సంతకాలు.

ఈ ఆరు గంటలే నవలాకారుడికి గండం. వెంటిలేటర్ మీద ఛాతీ లేచి పడుతుంటుంది, చెయ్యి వెచ్చగా ఉంటుంది, పోయాడంటారు. మా సూరత్ లింబాయత్‌లో సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసేవాడికి ఎలా చెప్పాలి? పడుగంతా తెగిపోయింది, మోటారు మాత్రం తిరుగుతోంది అనాలేమో.

సూరత్‌లో ఈ అడిగే పనినే బతుకుగా చేసుకున్న మనిషి ఒకాయన ఉన్నాడు, డొనేట్ లైఫ్ సంస్థ నడిపే నీలేశ్ మాండ్లేవాలా. తండ్రి కిడ్నీ జబ్బుతో పడ్డ బాధ చూసి ఇందులోకి దిగాడు. ఈ పనిలో ఉన్నవాళ్లు పాటించే మొదటి నియమం నాకు కథకులందరికీ చెప్పాలనిపిస్తుంది: చావు కబురూ దానం మాటా ఒకే నోటితో, ఒకే ఊపులో రాకూడదు. పోయాడని డాక్టరు చెప్పాలి. ఆ మాట ఇంట్లోవాళ్ల లోపలికి దిగాలి. ఆ తర్వాతే రెండో మనిషి వచ్చి కూర్చోవాలి. మన రచయితల్లో చాలామంది ఈ రెంటినీ ఒకే పేరాలో కానిచ్చేస్తారు, కన్నీళ్లు ఆరకముందే త్యాగం మొదలైపోతుంది.

సూరత్ తెలుగువాళ్లలో ఎక్కువమంది వరంగల్, కరీంనగర్ వైపు నుంచి వచ్చిన పద్మశాలీలు. మునిసిపల్ కార్పొరేషన్ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతుంది. పిల్లలు గుజరాతీ గడగడా మాట్లాడతారు, పెద్దవాళ్లకు బజారు హిందీ చాలు. ఆసుపత్రి మాటలకు మాత్రం అది చాలదు. అందుకే మాటలు తెలుగులోకి మార్చి చెప్పడానికి అప్పుడప్పుడు నన్ను పిలుస్తారు. అలా ఒకసారి ఒక ఆసుపత్రి వరండాలో, అడిగే మనిషికీ ఒక తండ్రికీ నడుమ కూర్చున్నాను. అడిగినావిడ చిన్న వయసుదే. బిడ్డ పేరు పెట్టి మాట్లాడింది. ఖర్చు మీది కాదంది, ఎవరికి ఇచ్చామో మీకు చెప్పడం కుదరదంది, వద్దన్నా ఎవరూ ఏమీ అనరంది. నేను తెలుగులో చెబుతూ పోయాను.

తండ్రి చాలాసేపటికి నోరు విప్పాడు. “మా అన్న రావాలె సారూ. నవజీవన్ ఎక్కిండు. ఆయన్ని అడగకుంట నేనెట్ల చెప్త?”

వరంగల్ నుంచి సూరత్‌కు నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో దాదాపు ముప్పావు రోజు. తీసిన గుండె మామూలుగా నాలుగు నుంచి ఆరు గంటలకు మించి ఆగదు. అది తీశాక సంగతి. తీయకముందూ బ్రెయిన్ డెత్ అయిన ఒళ్లు ఎక్కువసేపు నిలకడగా ఉండదు, బీపీ పడిపోతుంటుంది. ఆవిడ ఇదంతా చెప్పింది. తొందరపెట్టలేదు. లోపల్నుంచి తల్లి వచ్చి, “కండ్లు తీస్తే మల్ల జన్మల గుడ్డోడై పుడ్తడంటరు గదా” అంది. కళ్లు అక్కర్లేదని చెప్పండి, వాళ్లు ఏది ఇస్తే అదే, అంది అడిగే ఆవిడ నాతో. అయినా చివరికి వాళ్లు వద్దన్నారు. ఆవిడ తల ఊపి, ఫారం ఫైల్లో పెట్టేసి, పొద్దున్నుంచి ఏమైనా తిన్నారా అని అడిగింది. ఆ ప్రశ్న కూడా నేనే తెలుగులోకి తెచ్చాను.

నేను చదివిన అవయవదాన కథల్లో వద్దన్న ఇల్లు ఒక్కటీ గుర్తు లేదు. మొదట మొండికేసి, పేజీ తిప్పేసరికి మెత్తబడేవాళ్లే అందరూ. చివర గుండె అందుకున్నవాడి ఛాతీకి తల్లి చెవి ఆనించడం ఒకటి. మన పద్ధతిలో ఇచ్చినవాళ్లకూ పుచ్చుకున్నవాళ్లకూ ఒకరి వివరాలు ఒకరికి చెప్పరు. అలా చెవి ఆనించే వీలు ఉండదని తెలిసే ఒప్పుకుంటారు. ఇస్తామన్న మాటకు బరువు వచ్చేది పక్కనే వద్దనే తోవ తెరిచి ఉంటేనే. కెరంగల్ నవల నాకు నచ్చడానికి ఒక కారణం ఇదే. సిమోన్ తండ్రి ఒప్పుకునేదాకా నిజంగా ఏమవుతుందో తెలియదు.

తెలుగులో ఇలాంటి నవల ఎవరైనా రాస్తే నాదొక కోరిక. పెద్దన్న ఇంకా రైల్లోనే ఉండాలి, బల్హార్షా దాటాక ఫోను సిగ్నల్ పోవాలి, మేనమామ ఒకటి చెబితే కులపెద్ద ఇంకొకటి చెప్పాలి, పన్నెండేళ్ల చెల్లెలు గుజరాతీ కాగితం చదివి అమ్మకు చెప్పాల్సి రావాలి. ఆ గదికి నూట యాభై పేజీలు ఇచ్చినా ఎక్కువనను. గ్రీన్ కారిడార్‌కు రెండు చాలు.